ఓరుగల్లు ముచ్చట్లకు దూరమే కొలబద్ద

హనుమకొండ చౌరస్తాలోని ఛాయ్ హోటళ్లలో, కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫారాల మీద, పొద్దున్నే సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానానికి నడకకు వచ్చేవారి మధ్య సాగే మాటలను శ్రద్ధగా వింటే ఒక సంగతి తెలుస్తుంది. రాష్ట్ర రాజకీయం, ఊరి మంచిచెడ్డలు, బస్సులు రైళ్ల ముచ్చట, కాలేజీ పిల్లల ఆటలు అనే నాలుగు విషయాలు అక్కడ విడివిడిగా ఉండవు. సర్పంచ్ ఎన్నికతో మొదలైన మాట బస్సు సీటు దగ్గరికి వస్తుంది, కబడ్డీ పోటీతో మొదలైనది కొలువుల నోటిఫికేషన్ వద్ద తేలుతుంది. ఈ నాలుగింటినీ కలిపి ఉంచేది దూరం. కలెక్టరేట్ ఎంత దూరం, దవాఖాన ఎంత దూరం, ఆటల ఎంపికలు ఎక్కడ పెట్టారు, సాయంత్రం ఊరికి ఆఖరి బస్సు ఎన్ని గంటలకు అన్న లెక్కలోంచే ప్రభుత్వాల మీద ఇక్కడి జనం తీర్పు తయారవుతుంది. ఉత్తర తెలంగాణ రాజకీయాలను పార్టీల బలాబలాలతో, కులాల లెక్కలతో మాత్రమే వివరించే విశ్లేషణల్లో ఈ కొలతకు చోటు దక్కడం లేదు. అది పెద్ద లోటు.

జిల్లాల విభజన మీద సాగే చర్చ ఇందుకు మొదటి సాక్ష్యం. 2016 అక్టోబరు 11న, దసరా రోజు, పాత వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్ అనే ఐదు జిల్లాలుగా విడిపోయింది. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరుపడింది. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లాకు హనుమకొండ అని, రూరల్ జిల్లాకు వరంగల్ అని పేర్లు మారాయి. అంతకుముందు ఒక ధ్రువపత్రం మీద సంతకం కోసమో, భూమి తగాదా మీద దరఖాస్తు ఇవ్వడం కోసమో ఏటూరునాగారం, మంగపేట రైతులు 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హనుమకొండకు రావలసి వచ్చేది. వారికి ములుగు కలెక్టరేట్ నిజంగా దగ్గరైంది. జనగామలో, ములుగులో జిల్లా కోసం జరిగిన ఆందోళనల వెనుక ఉన్న బలం కూడా ఈ అనుభవానిదే.

అయితే కార్యాలయం దగ్గరైనంత మాత్రాన అవసరాలన్నీ దగ్గర కాలేదు. 2022 నుంచి 2024 మధ్య మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినా, ప్రాణం మీదికి వచ్చిన కేసుకు చివరి దిక్కు ఇప్పటికీ వరంగల్ ఎంజీఎం దవాఖానే. మిర్చి, పత్తి అమ్ముకోవడానికి ఎనుమాముల మార్కెట్, పై చదువుకు కాకతీయ విశ్వవిద్యాలయం అక్కడే ఉన్నాయి. జిల్లాలు ఆరైనా జనం మాటల్లోనూ పత్రికల శీర్షికల్లోనూ ‘ఉమ్మడి వరంగల్’ బతికే ఉండడానికి కారణం ఇదే తప్ప పాత పేరు మీద మమకారం ఒక్కటే కాదు. నగరంలోనైతే విభజన ఇంకో తీరుగా కనిపిస్తుంది. నగరపాలక సంస్థ ఒకటే, పోలీసు కమిషనరేట్ ఒకటే, కలెక్టర్లు మాత్రం ఇద్దరు. ఒకే నగరం మధ్యలోంచి జిల్లా సరిహద్దు గీత పోవడంతో, రెండింటినీ తిరిగి కలపాలన్న డిమాండు ప్రతి ఎన్నికల సమయంలోనూ పైకి వస్తోంది. ఆ డిమాండు న్యాయమైనదే. మంగపేటకు మేలు చేసిన విభజనే వరంగల్ చౌరస్తాకు చిక్కు తెచ్చింది. రెండు చోట్లా ఒకే సూత్రం పనిచేయదని ఒప్పుకోవడానికి ఏ ప్రభుత్వమూ వెనుకాడనక్కరలేదు.

రైలు విషయానికి వస్తే, కాజీపేటలో రాజకీయం మాట్లాడేవారెవరూ కోచ్ ఫ్యాక్టరీ ఊసెత్తకుండా ముగించరు. ఢిల్లీ, సికింద్రాబాద్, విజయవాడ మార్గాలు కలిసే ఈ జంక్షన్‌కు 1980లలో రావలసిన ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిపోయిందన్న ఆవేదన తండ్రుల నుంచి కొడుకులకు అందింది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ ఏర్పాటును పరిశీలించాలని రాశారు. 2023 జులై 8న ప్రధాని నరేంద్ర మోదీ వరంగల్ వచ్చి వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. కోచ్‌ల తయారీని కూడా అందులో చేర్చుతున్నట్టు రైల్వే శాఖ తర్వాత ప్రకటించింది. దాదాపు నాలుగు దశాబ్దాల పాటు ఒకే కోరిక ఒక పట్టణం మాటల్లో నిలిచిందంటే, అది ఫ్యాక్టరీలో దొరికే కొలువుల కోసమే కాదు. పక్కనుంచి దేశమంతా ప్రయాణిస్తుంటే తమ ఊరి పిల్లలు బతుకుతెరువుకు వేరే ఊరి రైలెక్కాల్సి రావడం ఇక్కడి వారికి మింగుడు పడని విషయం.

ఆ రైలెక్కిన వారి సంఖ్య తక్కువేమీ కాదు. 1930లలో నిజాం పాలనలో మొదలైన ఆజంజాహి మిల్లు నగరానికి ఒకనాడు అన్నం పెట్టింది. అది మూతపడ్డాక, మగ్గాల మీద బతికిన కుటుంబాలు భివండి, సూరత్, షోలాపూర్ దారి పట్టాయి. గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగినప్పుడు, వలస వెళ్లిన నేతన్నలు తిరిగి వస్తారన్న ఆశే ప్రధానంగా చెప్పిన మాట. ఇక ఉత్తరాన జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో దూరం అంటే దుబాయ్, మస్కట్. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం ఇస్తామన్న 2024 నాటి ప్రభుత్వ నిర్ణయం హైదరాబాద్‌లో చిన్న వార్తగా కనిపించి ఉండవచ్చు, ఆ పల్లెల్లో మాత్రం ఇంటింటి ముచ్చట అయింది.

మామునూరు విమానాశ్రయం మీద జరిగే చర్చకు ఇంత లోతు లేదు. నిజాం కాలంలో కట్టి, 1981 తర్వాత మూతపడిన ఆ విమానాశ్రయానికి, శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పంద నిబంధన అడ్డు తొలగాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. వ్యాపారులకు, వైద్యులకు, విదేశాల్లో పిల్లలున్న కుటుంబాలకు ఇది శుభవార్తే. రన్‌వే విస్తరణకు భూమి వదులుకోవలసిన నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి రైతులకు ఇది పరిహారం లెక్క. పల్లెవెలుగు బస్సెక్కి కాలేజీకి పోయే అమ్మాయికి మాత్రం దీనితో పనిలేదు.

ఆ అమ్మాయి జీవితాన్ని నేరుగా తాకిన నిర్ణయం 2023 డిసెంబరు 9న అమల్లోకి వచ్చింది. అసెంబ్లీ ఎన్నికల్లో 64 స్థానాలు గెలిచి అధికారం చేపట్టిన రెండు రోజులకే కాంగ్రెస్ ప్రభుత్వం మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ప్రకటించింది. గత దశాబ్దంలో ఉత్తర తెలంగాణ ముచ్చట్లను ఇంతగా మార్చిన ప్రభుత్వ నిర్ణయం మరొకటి లేదని చెప్పవచ్చు. రైతుబంధు, రుణమాఫీ భూమి ఉన్న ఇళ్లలో చర్చకు వస్తాయి. జీరో టికెట్ మాత్రం కూలి తల్లి, కాలేజీ కూతురు, అంగన్‌వాడీ టీచర్, కూరగాయల గంప మోసే అవ్వ అందరినీ ఒకే బస్సులో కూర్చోబెట్టింది, లేదా నిలబెట్టింది.

దాని మీద వచ్చే విమర్శల్లో కొన్ని నిజమైనవే. టికెట్ కొన్న మగవారికి సీటు దొరకడం లేదన్న మాట పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట రూట్లలో రోజూ వినిపిస్తుంది. రద్దీకి తగినన్ని బస్సులు పెరగకపోవడం ప్రయాణికులందరి బాధ. గిరాకీ పడిపోయిన ఆటో డ్రైవర్లు రోడ్డెక్కారు. తమకు ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తామన్న ఎన్నికల హామీని వారు ప్రతి సభలోనూ గుర్తుచేస్తున్నారు. అయినా ఈ విమర్శలన్నీ పథకం అమలు తీరు మీద చేయవలసినవి. పథకం పునాది మీద చేసే ఎగతాళి, ఆడవాళ్లు పని లేకుండా తిరుగుతున్నారన్న మాట, అన్యాయమైనది. హనుమకొండలో డిగ్రీ చదివించాలంటే నెలవారీ పాస్ డబ్బులు కట్టాలి కాబట్టి కొడుకును పంపి కూతుర్ని ఊళ్లోనే ఆపిన ఇళ్లు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఆ లెక్కలో ఒక అంకె చెరిగిపోయింది. బస్సులో ఇరుకు ఎంతైనా, ఆ ఇరుకులో పుస్తకాల సంచితో నిలబడిన పిల్లలు ఉన్నారని మరిచిపోకూడదు.

ఊరి సామాజిక జీవితం కూడా బస్సు చుట్టూనే తిరుగుతుందనడానికి మేడారం చాలు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరను 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద, తర్వాత లారీల మీద, ట్రాక్టర్ల మీద సాగిన ఆ ప్రయాణం 2024 ఫిబ్రవరి జాతర నాటికి ఉచిత బస్సుల్లోకి మారింది. నిలువెత్తు బంగారమని పిలిచే బెల్లం మోసుకుని తల్లులు, అవ్వలు, కోడళ్లు మగతోడు లేకుండానే గుంపులుగా వెళ్లివచ్చారు. జాతర నుంచి ఇంటికి వచ్చినవారు చెప్పేది జంపన్న వాగు నీళ్ల గురించి, గద్దెల దగ్గర తొక్కిసలాట గురించి, బస్సు కోసం క్యూలో గడిపిన రాత్రి గురించి. ప్రభుత్వం ఏర్పాట్లు బాగా చేసిందా లేదా అన్న తీర్పు ఆ మూడు సంగతుల మీదే ఇస్తారు. మంత్రుల ప్రకటనల ప్రస్తావన అందులో రాదు. బతుకమ్మకు వేయిస్తంభాల గుడి ముందు ఎంగిలిపూల నాడు, పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల నాడు చేరే ఆడబిడ్డల మాటల్లో కూడా పుట్టింటికి ఎట్లా వచ్చారన్నదే మొదటి ప్రశ్న.

పంచాయతీ ఎన్నికల్లో ఇది ఇంకా బాహాటంగా కనిపిస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్న గ్రామాలకు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగాయి. పార్టీ గుర్తులు లేని ఈ ఎన్నికల్లో అభ్యర్థిని ఊరు తూచే తీరు వేరు. ఆపదొస్తే రాత్రి పూట బండి పంపుతాడా, దవాఖానలో తెలిసినవారు ఉన్నారా, చావుకు వచ్చి నిలబడతాడా అన్నవే అక్కడి అర్హతలు. హైదరాబాద్‌లో ఉంటున్న ఓటర్లను ఊరికి రప్పించడం ఒక ప్రత్యేక యుద్ధం. బస్సు చార్జీలు, కార్లు, ఉప్పల్ నుంచి బయలుదేరే వాహనాలు ప్రచార ఖర్చులో పెద్ద పద్దు అవుతున్నాయి. నివాసం నగరంలో, ఓటు ఊరిలో ఉన్న ఈ తరం ఏ ప్రాంత రాజకీయాన్ని నిర్ణయిస్తోందన్న ప్రశ్నకు లోతైన పరిశీలన కావాలి.

దూరానికి కూడా రాజకీయ జ్ఞాపకం ఉంటుంది. 1977, 1980లలో హనుమకొండ లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన పి.వి. నరసింహారావు 1984లో అక్కడే బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తంలో బీజేపీ గెలిచినవి రెండే స్థానాలు. జంగారెడ్డికి మద్దతిచ్చిన తెలుగుదేశం ప్రభంజనమే పి.వి. ఓటమికి అసలు కారణమని చెప్పడం సబబు. కాని నేటికీ నగరంలో పెద్దమనుషులు ఆ ఫలితాన్ని తలచుకునేటప్పుడు, ఢిల్లీలో ఎదిగిన నాయకుడు ఊరికి దూరమయ్యాడన్న వివరణనే ముందు పెడతారు. అది పూర్తి చరిత్ర కాకపోవచ్చు, ఓటరు ఆలోచనాతీరుకు మాత్రం ఆనవాలు.

ఇక కాలేజీ ఆటలు. పై చర్చలన్నిటి బరువు చివరికి పడేది ఇక్కడే, అందరూ తక్కువగా మాట్లాడేదీ ఇక్కడే. పర్వతగిరి మండలం కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్ల టి20 (మేధో వైకల్యం ఉన్న అథ్లెట్ల) విభాగాన్ని 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆ బిడ్డను శిక్షణకు పంపమని అడిగినప్పుడు హైదరాబాద్‌కు బస్సు చార్జీలకు కూడా తల్లిదండ్రుల దగ్గర డబ్బు లేదని ఆమె కోచ్ నాగపురి రమేశ్ పత్రికలకు చెప్పారు. ఆమె ప్రతిభను, పట్టుదలను ఎంత పొగిడినా తక్కువే. దానితోపాటు మరో ప్రశ్న వేసుకోవాలి. ఆ బస్సు చార్జీ ఎవరూ సర్దని ఊళ్లలో ఎందరు ఆగిపోయారు?

కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. 2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చాక కూడా పాత వరంగల్, ఖమ్మం, ఆదిలాబాద్ జిల్లాల కాలేజీలు దాని పరిధిలోనే ఉన్నాయి. అంతర్ కళాశాలల పోటీల్లో ఆడినవారి నుంచి విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేస్తారు. ఆ జట్టు దక్షిణ మండల పోటీలకు, అక్కడ రాణిస్తే అఖిల భారత పోటీలకు వెళుతుంది. అంటే ఆదిలాబాద్‌లో చదివే కబడ్డీ ఆటగాడు మొదటి మెట్టు ఎక్కడానికే 250 కిలోమీటర్లకు పైబడి ప్రయాణించి రావాలి. మంచిర్యాల నుంచైతే నేరుగా కాజీపేట రైలుంది. ఆదిలాబాద్ నుంచి కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మహారాష్ట్రలోని ముద్ఖేడ్ మీదుగా, నిజామాబాద్, హైదరాబాద్ చుట్టి రావాలి. ఒక రాత్రి ప్రయాణం చేసి, నిద్ర లేని కళ్లతో, పొద్దున తొమ్మిదికి కోర్టులో దిగిన జట్టు హనుమకొండ హాస్టల్‌లో పడుకుని లేచిన జట్టుతో తలపడుతుంది. ఫలితాల పట్టికలో ఈ తేడా కనిపించదు.

ఈ పోటీలను కేవలం వినోదంగా చూసేవారికి ఒక విషయం చెప్పాలి. ప్రభుత్వ నియామకాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. విశ్వవిద్యాలయం తరఫున ఆడినట్టు ధ్రువపత్రం ఉంటే పోలీసు కొలువు నుంచి గ్రూప్స్ వరకు దానికి విలువ ఉంటుంది. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయినప్పుడు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చదువుకునే వారి కోపం రాష్ట్ర రాజకీయాన్ని ఎంతగా కదిలించిందో అందరూ చూశారు. మైదానంలో పరుగెత్తే పిల్లలదీ అదే ఆశ, అదే అభద్రత. వారి నష్టం మాత్రం పత్రికల దాకా రాదు.

మైదానాల పరిస్థితి మిశ్రమం. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ వేశాక, 2021 సెప్టెంబరులో అక్కడే 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్‌మిలన్ బైన్స్ 1,500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002 నుంచి నిలిచి ఉన్న సునీతా రాణి జాతీయ రికార్డును బద్దలు కొట్టింది. దేశంలోని మేటి అథ్లెట్లకు పనికొచ్చిన ట్రాక్ నగరంలో ఉంది. ఆ ట్రాక్ మీద సాయంత్రం ఆరు దాకా సాధన చేయగలిగే గ్రామీణ విద్యార్థిని మాత్రం తక్కువ, ఎందుకంటే ఆమె ఊరి బస్సు అంతకుముందే వెళ్లిపోతుంది. టికెట్ ఉచితమైనా బస్సే లేకపోతే ఫలితం లేదు. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి నిట్ ఆవరణలోనే ఉండి చదివేవారికి, గురుకులాల్లో ఉండేవారికి ఈ ఇబ్బంది లేదు. ఆటలో రాణిస్తున్నవారిలో వసతి ఉన్న సంస్థల పిల్లలు ఎక్కువగా ఉండడానికి శిక్షణతోపాటు ఈ కారణాన్నీ లెక్కించాలి.

పెద్ద మైదానాలకు రాజకీయ సభలు మరో భారం. 2022 మే 6న రాహుల్ గాంధీ రైతు డిక్లరేషన్ ప్రకటించిన సభ ఆర్ట్స్ కాలేజీ మైదానంలోనే జరిగింది. రెండు లక్షల రూపాయల రుణమాఫీ మాట అక్కడి నుంచే ఊళ్లలోకి వెళ్లింది, 2024 జులై నుంచి అమలు మొదలైంది. ఉద్యమ కాలం నుంచి అన్ని పార్టీలకూ ఓరుగల్లు సభ ఒక బలప్రదర్శన. 2025 ఏప్రిల్ 27న బీఆర్ఎస్ తన రజతోత్సవ సభను ఎల్కతుర్తి పొలాల్లో పెట్టుకోవడం ఆటస్థలాల దృష్టితో చూస్తే మంచి పద్ధతే. సభ ఎవరిదైనా, కాలేజీ మైదానంలో పెడితే గుంజలు పాతిన గుంతలు పూడ్చి, రోలర్ తిప్పి, మునుపటిలా అప్పగించే బాధ్యతను అనుమతి పత్రంలోనే రాయాలి.

ఊళ్లలో రాజకీయ నాయకులు ఆటకు చేసే సాయం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. సంక్రాంతి కబడ్డీ, వేసవి క్రికెట్ టోర్నమెంట్లకు బహుమతులు, జెర్సీలు, భోజనాలు ఇచ్చేది ఎక్కువగా సర్పంచ్ కావాలనుకునేవారు, ఎమ్మెల్యే అనుచరులు. జెర్సీ మీద వారి ఫొటో ఉంటుంది. ఈ అలవాటును పూర్తిగా తప్పుపట్టడం సరికాదు, ఆ డబ్బు లేకపోతే ఆ నాలుగు మ్యాచ్‌లు కూడా ఉండవు. అయితే ఆ సాయం ఎన్నికల గాలితో వచ్చి దానితోనే పోతుంది. ఏడాది పొడవునా ఆడించవలసినది కాలేజీ. అక్కడ ఫిజికల్ డైరెక్టర్ పోస్టు ఖాళీగా ఉంటే, ప్రభుత్వం నుంచి రావలసిన బోధనా రుసుముల బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించవలసిన స్థితి ఉంటే, యాజమాన్యం మొదట కోత పెట్టేది ఆటల ఖర్చు మీదే. జట్టును పోటీకి పంపే దారి ఖర్చులు, భోజనం డబ్బులు విద్యార్థులే వేసుకున్న సందర్భాలు అరుదు కాదు. రాష్ట్ర ఖజానాలో ఆగిన ఒక బిల్లు ఈ విధంగా మహబూబాబాద్ కాలేజీ ఖోఖో జట్టు దాకా చేరుతుంది.

వీటిలో కొన్నింటికి పెద్ద నిధులు అక్కరలేదు. తొలి దశ ఎంపికలను హనుమకొండలోనే కాకుండా ఖమ్మం, కొత్తగూడెం, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో వంతులవారీగా పెట్టవచ్చు. దూరం నుంచి వచ్చే జట్లకు ముందురోజు రాత్రి వసతి చూపి, మొదటి మ్యాచ్‌ను మధ్యాహ్నానికి మార్చవచ్చు. స్టేడియం సాధన ముగిసే వేళకు పరకాల, నర్సంపేట, ములుగు, జనగామ దారుల్లో ఒక్కొక్క పల్లెవెలుగు బస్సు నడపమని క్రీడా శాఖ ఆర్టీసీని కోరవచ్చు. ఇవన్నీ జిల్లా స్థాయి అధికారులు ఒక సమావేశంలో తేల్చగలిగిన పనులే. ఎంపికల రోజు బస్సు తప్పిన విద్యార్థికి ఆ ఏడాది జట్టు లేదు, జట్టు లేకపోతే ధ్రువపత్రం లేదు, నియామక నోటిఫికేషన్ వచ్చే నాటికి ఆమె డిగ్రీ కూడా అయిపోయి ఉంటుంది.